ఈక్వటోరియల్ గినీ: ఖజానా ఎక్కడుంది?

#1 ఉప్పుటేరు

అందరికీ నమస్కారం. కాకినాడ తీరానికి ఆవల గ్యాస్ ప్లాట్‌ఫారం మీద ఆరేళ్లుగా ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్‌గా పని చేస్తున్నాను. ముంబైలో ఉండే ఏజెంటు ఒకాయన మలాబోలో పని ఉంది, వెళ్తావా అని అడిగాడు. మలాబో ఎక్కడుందో పటం తెరిచి వెతుక్కోవలసి వచ్చింది. ఈక్వటోరియల్ గినీకి చాలా కాలం రాజధానిగా ఉన్న ఊరు. ఇంట్లో చెబితే నాన్న "గినీ అంటే ఎబోలా వచ్చిన దేశం కదరా" అన్నారు. అమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు.

రాత్రి కూర్చుని చదివాను. తలసరి ఆదాయం మన దేశానికి సుమారు రెండున్నర రెట్లు. 2008 ప్రాంతంలో అయితే 20,000 డాలర్ల దగ్గర ఉందట, ఆఫ్రికాలోనే ముందు వరుస. జనాభా 20 లక్షలు కూడా లేదు. ఇంకో పేజీ తెరిస్తే కుళాయిలో నీళ్లు రావు, ఆసుపత్రిలో మందులు ఉండవు అని ఉంది. ఈ రెండు పేజీలూ ఒకే దేశం గురించేనా అని అనుమానం వచ్చింది. తెలిసినవాళ్లు చెప్పండి.

#2 మంజీర

ముందు మీ నాన్నగారి సందేహం తీరుద్దాం. గినీలు నాలుగు. 2014లో ఎబోలాతో అల్లాడింది కొనాక్రీ రాజధానిగా ఉన్న గినీ. దాని పక్కన గినీ-బిస్సావు. ఎక్కడో పసిఫిక్‌లో పాపువా న్యూ గినీ. మీకు పిలుపు వచ్చింది నాలుగోదాని నుంచి. అలాగని పూర్తిగా నిశ్చింతగా ఉండమని చెప్పలేను. 2023 ఫిబ్రవరిలో ఈ దేశంలోనే ఎబోలాకు దగ్గరి చుట్టమైన మార్‌బర్గ్ వైరస్ బయటపడింది, జూన్‌లో అంతమైందని ప్రకటించారు. ఈ వాక్యం అమ్మగారికి చదివి వినిపించకండి.

దేశం చాలా చిన్నది. 28,000 చదరపు కిలోమీటర్లు, తెలంగాణలో నాలుగో వంతు. అదీ ఒక్క ముక్కగా లేదు. మలాబో కామెరూన్ తీరానికి ఎదురుగా ఉన్న బయోకో దీవిలో ఉంది. జనంలో ఎక్కువ మంది ఉండేది ప్రధాన భూభాగంలో, కామెరూన్, గబాన్‌ల మధ్య ఉన్న రియో మూనిలో. అక్కడి పెద్ద ఊరు బాటా. ఇవి కాక దక్షిణాన దూరంగా అన్నొబోన్ అనే చిన్న దీవి. పేరులో భూమధ్యరేఖ ఉంది గానీ ఆ రేఖ ఈ దేశపు నేలను ఎక్కడా తాకదు, అన్నొబోన్‌కూ మిగతా దేశానికీ మధ్య సముద్రం మీదుగా పోతుంది.

స్పెయిన్ వలస రాజ్యంగా ఉండి 1968 అక్టోబరు 12న స్వతంత్రమైంది. అందుకే అక్కడ స్పానిష్ మాట్లాడతారు. మీరు వెళ్లే పక్షంలో ఇప్పటినుంచే మొదలుపెట్టండి, ఇంగ్లిషుతో మార్కెట్లో టమాటా కొనడం కష్టం.

#3 దీపస్తంభం

మంజీర గారూ, మలాబోలో పిచి అని ఒక భాష ఉంది, ఇంగ్లిషు కలిసిన యాస. మార్కెట్లో దానితో గడిచిపోతుంది. పోలీసు ఆపినప్పుడు మాత్రం స్పానిషే కావాలి.

నేను విశాఖవాడిని, మెరైన్ ఇంజనీరుని. 2009 నుంచి 2013 వరకు మలాబోకు వస్తూ పోతూ ఉండేవాడిని. ఉప్పుటేరు తమ్ముడు అడిగిన రెండు పేజీల సంగతి నేను కళ్లారా చూశాను, ఒకే గోడకు ఇటూ అటూ.

ఊరికి పడమటి వైపు పుంటా యూరోపా అని కొస ఉంది. గ్యాస్ కర్మాగారాలన్నీ అక్కడే. ఆ చుట్టుపక్కల ఒక క్యాంపులో మా మకాం. లోపల కత్తిరించిన పచ్చగడ్డి, రోడ్డు మీద గీతలు, కుళాయి తిప్పితే నేరుగా తాగే నీళ్లు, రోజంతా కరెంటు. గేటు దాటి పది నిమిషాలు పోతే ఆడవాళ్లు, పిల్లలు పసుపు రంగు ప్లాస్టిక్ డబ్బాలు వరుసగా పెట్టుకుని నీళ్ల కోసం నిలబడి ఉండేవారు. డబ్బాకు గుర్తుగా ఒక్కొక్కరు ఒక్కో రంగు గుడ్డముక్క కట్టుకునేవారు. మా డ్రైవరు భార్యది ఎర్ర గుడ్డ. రాత్రి కరెంటు పోతే ఊరంతా చీకటి, ఆకాశంలో మాత్రం గ్యాస్ మంట నారింజ రంగులో ఊగుతూ ఉండేది. ఆ డ్రైవరు ఒకసారి మంట వైపు చూపించి "మా ఊరి వీధి దీపం" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

ఫోటో తీద్దామని ఫోను బయటికి తీస్తే చెయ్యి పట్టుకుని ఆపాడు. అప్పట్లో ఫోటోకు అనుమతి పత్రం ఉండాలి. అధ్యక్ష భవనం వైపు ఫోను తిప్పితే ఆ రోజు రాత్రి ఎక్కడ పడుకుంటారో చెప్పలేం.

#4 లెక్కల మాస్టారు

నాయనా ఉప్పుటేరూ, నువ్వు చూసిన అంకె అబద్ధం కాదు. అది ఎవరి అంకె అన్నదే ప్రశ్న.

తలసరి ఆదాయం అని మనం వాడుకగా అనేది నిజానికి తలసరి స్థూల దేశీయోత్పత్తి. దేశం హద్దుల్లో ఎంత విలువ పుట్టిందో చెబుతుంది, ఎవరి చేతికి వెళ్లిందో చెప్పదు. సముద్రం అడుగునుంచి చమురు పైకి వస్తుంది, ఓడలోకి ఎక్కుతుంది, వెళ్లిపోతుంది. ఆ ఓడ అక్కడి రేవులో బియ్యం బస్తా కూడా దించకపోయినా దాని విలువ మొత్తం ఆ దేశపు లెక్కలో పడుతుంది. విదేశీ కంపెనీల లాభాలను తీసేసి చూడాలంటే స్థూల జాతీయాదాయం చూడాలి. ఈ దేశంలో ఆ రెంటికీ మధ్య అగాధం ఉండేది. మొదట్లో రాసుకున్న ఒప్పందాల్లో ప్రభుత్వం వాటా చుట్టుపక్కల దేశాలకంటే తక్కువ.

తరువాతి మెట్టు ఇంకా ముఖ్యం. ప్రభుత్వం వాటా ప్రభుత్వానికి చేరిందా? చేరితే బడికి, ఆసుపత్రికి చేరిందా? తలసరి అంకెలో మనకంటే రెండున్నర రెట్లున్న ఈ దేశం, మానవాభివృద్ధి సూచికలో మనకు దాదాపు పక్కనే ఉంటుంది. తరగతిలో రెండున్నర రెట్లు ఫీజు కట్టిన పిల్లవాడికి మనవాడితో సమానంగా మార్కులు వచ్చాయంటే మధ్యలో ఫీజు ఎవరో తిన్నారని అర్థం.

#5 తూటా

మాస్టారూ, మీ లెక్క బాగుంది గానీ పాశ్చాత్య పత్రికలు రాసిందే మీరూ చెబుతున్నారు. చమురు దొరకక ముందు ఆ దేశంలో ఏముంది? అడవి, కోకో. ఇప్పుడు నాలుగు వరుసల రోడ్లు, విమానాశ్రయాలు, రేవులు. 2012లో గబాన్‌తో కలిసి, 2015లో ఒంటరిగా ఆఫ్రికా ఫుట్‌బాల్ కప్పు నిర్వహించారు. ఆ 2015 పోటీల నుంచి ఎబోలా భయంతో మొరాకో వెనకడుగు వేస్తే రెండు నెలల వ్యవధిలో పోటీలు జరిపించిన దేశం అది. పక్కన కామెరూన్, నైజీరియా ఎలా ఉన్నాయో చూడండి. 1979 నుంచి ఒకే అధ్యక్షుడు, ఒక్క అంతర్యుద్ధం లేదు. స్థిరత్వం అనేది కూడా ఒక ఆస్తే.

#6 మంజీర

తూటా గారూ, రోడ్ల సంగతి నిజమే, వాటి దగ్గరకు వస్తాను. "చమురు ముందు ఏముంది" అన్నారు కదా, ఆ మాట దగ్గర ఆగాలి.

స్వాతంత్ర్యం నాటికి బయోకో కోకోకు మంచి పేరుంది. తోటల్లో పని చేసేది ఎక్కువగా నైజీరియా కూలీలు. మొదటి అధ్యక్షుడు ఫ్రాన్సిస్కో మాసియాస్ న్గ్వేమా పదకొండేళ్లలో దాన్ని నేలమట్టం చేశాడు. చదువుకున్నవాళ్లంటే అతనికి పడేది కాదు. "మేధావి" అన్న మాటనే నిషేధించాడంటారు. జనాభాలో మూడో వంతు చచ్చిపోయారు లేదా దేశం వదిలి పారిపోయారు. స్పెయిన్ వాళ్లు ముందే వెళ్లిపోయారు, కూలీల మీద జరిగిన హింస చూసి 1970ల మధ్యలో నైజీరియా తన మనుషులను వెనక్కు తీసుకుపోయింది. తోటలు అడవిలో కలిసిపోయాయి. దేశపు నగదు నిల్వలను మాసియాస్ మోంగోమో దగ్గర తన సొంత ఊళ్లోని ఇంటికి తరలించుకున్నాడని చరిత్రకారులు రాస్తారు. ఖజానా అంటే అధ్యక్షుడి ఇల్లు అనే అలవాటు అక్కడ మొదలైంది.

1979 ఆగస్టు 3న అతన్ని దించినవాడు సొంత మేనల్లుడో అన్న కొడుకో, అంత దగ్గరి బంధువు, సైన్యాధికారి తియోదోరో ఒబియాంగ్ న్గ్వేమా. సెప్టెంబరు చివర్లో మాసియాస్‌ను విచారించి కాల్చి చంపారు. ఆనాడు కుర్చీ ఎక్కిన ఒబియాంగ్ ఇంకా దిగలేదు. రాజులను మినహాయిస్తే ప్రపంచంలో ఇంతకాలం పదవిలో ఉన్న దేశాధినేత మరొకరు లేరు. 2022 నవంబరు ఎన్నికల్లో ఆయనకు దాదాపు 95 శాతం ఓట్లు, ఆయన పార్టీకి దిగువ సభలో నూటికి నూరు సీట్లు. నూటికి నూరు అనేది మాట వరసకు కాదు, ఆ సభలో ఉన్నవి 100 సీట్లే.

#7 దీపస్తంభం

నూటికి నూరు అంటే గుర్తొచ్చింది. మా క్యాంపు వంటవాడిని ఎవరికి ఓటేశావని అడిగాను. "వేశాక నాకు చెప్పారు" అన్నాడు.

#8 లెక్కల మాస్టారు

ఖజానా మాట ఎత్తారు కాబట్టి దాని వెనకే పోదాం. మాసియాస్ కాలంలో ఖజానా పల్లెటూళ్లో ఉంది. చమురు కాలంలో అది వాషింగ్టన్‌కు మారింది. నేను అతిశయోక్తి చెప్పడం లేదు.

1995లో మొబిల్ కంపెనీ జఫీరో క్షేత్రాన్ని కనిపెట్టింది, మరుసటి ఏడే ఉత్పత్తి. అంతకుముందు 1991 నుంచి ఆల్బా గ్యాస్ క్షేత్రం చిన్నగా నడుస్తోంది. పదేళ్లు తిరగకుండా రోజుకు మూడున్నర లక్షల బ్యారెళ్లకు చేరారు. ఆ ఆదాయంలో పెద్ద భాగం వాషింగ్టన్‌లోని రిగ్స్ బ్యాంకులో జమయ్యేది. అమెరికా అధ్యక్షులే ఖాతాలు పెట్టుకున్న పాత బ్యాంకు అది. 2004లో సెనేట్ ఉపసంఘం తవ్వితే ఈ దేశ ప్రభుత్వం, అధికారులు, వాళ్ల బంధువుల పేర్ల మీద 60కి పైగా ఖాతాలు తేలాయి. ఒక దశలో వాటిలో 70 కోట్ల డాలర్ల దాకా ఉన్నాయి. ఖాతాలు చూసే ఉద్యోగి సూట్‌కేసుల్లో, ప్లాస్టిక్ చుట్టిన నోట్ల కట్టలు మోసుకొచ్చి అధ్యక్షుడి కంపెనీ ఖాతాలో వేసేవాడు. ఒక్కో దఫా 30 లక్షల డాలర్ల దాకా. బ్యాంకుకు జరిమానాలు పడ్డాయి, చివరికి 2005లో మరో బ్యాంకులో కలిసిపోయింది.

తూటా గారూ, "పాశ్చాత్య పత్రికలు" అన్నారు. ఆ సూట్‌కేసు తెరిచి లెక్కపెట్టి రసీదు ఇచ్చింది కూడా పాశ్చాత్యులే. కంపెనీలకు ఇళ్లు అద్దెకిచ్చి, భూములు అమ్మి, తమ బంధువుల చదువుల ఖర్చు కట్టించుకున్న అధికారులకు ఆ డబ్బు ముట్టజెప్పింది అమెరికా చమురు కంపెనీలే. ఇద్దరినీ కలిపి తిట్టండి, నాకేం అభ్యంతరం లేదు.

#9 తూటా

మంచిది, ఆ మాటకు ఒప్పుకుంటాను. అదే 2004లో ఈ ప్రభుత్వాన్ని కూల్చడానికి కిరాయి సైనికులు విమానం వేసుకుని బయల్దేరారు, హరారేలో ఆయుధాలు ఎక్కించుకోబోతూ దొరికిపోయారు. నాయకుడు సైమన్ మాన్ అనే మాజీ బ్రిటిష్ సైనికాధికారి. బ్రిటన్ మాజీ ప్రధాని థాచర్ కొడుకు ఆ వ్యవహారంలో హెలికాప్టరుకు డబ్బు పెట్టినందుకు దక్షిణాఫ్రికా కోర్టులో నేరం ఒప్పుకుని జరిమానా కట్టాడు. చమురు లేకపోతే వీళ్లలో ఒక్కడైనా ఆ దేశం పేరు విని ఉండేవాడా?

#10 ఉప్పుటేరు

నేను ఉద్యోగం గురించి అడిగితే సినిమా కథ నడుస్తోంది. ఆపకండి, చదువుతున్నాను. అధ్యక్షుడు ఒబియాంగ్ కొడుకు గురించి కూడా ఏదో చదివాను, మైకేల్ జాక్సన్ చేతి తొడుగు అట, నిజమేనా?

#11 మంజీర

నిజమే. తియోదోరో న్గ్వేమా ఒబియాంగ్ మాంగే, అందరూ తియోదోరీన్ అంటారు. వ్యవసాయ, అటవీ శాఖ మంత్రిగా ఉన్నప్పుడు అధికారిక జీతం ఏడాదికి లక్ష డాలర్ల లోపే అని అమెరికా న్యాయశాఖ తేల్చింది. అదే మనిషి 2006లో కాలిఫోర్నియా మాలిబూలో 3 కోట్ల డాలర్ల భవనం కొన్నాడు. స్ఫటికాలు పొదిగిన జాక్సన్ తొడుగు కూడా కొన్నాడు. 2014లో రాజీ కుదిరి భవనం అమ్మవలసి వచ్చింది. ఆ సొమ్ములో నుంచి సుమారు 2 కోట్ల 66 లక్షల డాలర్లు ఆ దేశ ప్రజల కోసం కోవిడ్ టీకాలకు, మందులకు ఇస్తామని అమెరికా 2021లో ప్రకటించింది. దోచిన సొమ్ము టీకా సూది రూపంలో తిరిగి రావడం అరుదు.

ఫ్రాన్స్ కోర్టులు ఇంకో అడుగు ముందుకు వేశాయి. ప్యారిస్ అవెన్యూ ఫోష్‌లో 101 గదుల భవనం. అది మా రాయబార కార్యాలయం అని వాదించారు. అంతర్జాతీయ న్యాయస్థానం 2020 డిసెంబరులో ఆ వాదన కొట్టేసింది. 2021 జులైలో పై కోర్టు శిక్ష ఖాయం చేసింది. మూడేళ్ల జైలు, అదీ అమలు చేయకుండా నిలిపిన శిక్ష. 3 కోట్ల యూరోల జరిమానా. స్విట్జర్లాండ్ 25 కార్లు పట్టుకుని 2019లో వేలం వేసింది.

ఇప్పుడాయన దేశ ఉపాధ్యక్షుడు. మరో కొడుకు చాలా ఏళ్లు చమురు మంత్రి. ఇల్లు, ప్రభుత్వం వేరు వేరుగా చెప్పడం కష్టం.

#12 లెక్కల మాస్టారు

ఆ వేలంలో ఒక్క లాంబోర్గిని వెనేనో కారే 83 లక్షల డాలర్లకు పోయింది. మంత్రి జీతం లక్ష అనుకుందాం. అన్నం తినకుండా, బట్ట కట్టకుండా 83 ఏళ్లు కూడబెడితే ఆ కారు వస్తుంది.

#13 గాబరోన్ గోపాలం

ఆలస్యంగా వచ్చాను. 2001 నుంచి బోట్స్వానాలో అకౌంటెంటుగా ఉంటున్నాను, మాది అనంతపురం. ఈ దారం చదువుతుంటే ఒక విషయం మీద కడుపు మండుతోంది. "ఆఫ్రికా, ఖనిజం, అవినీతి" అని మూడు మాటలు ముడివేసి వదిలేయకండి.

బోట్స్వానా కూడా చిన్న జనాభా దేశమే, సుమారు 25 లక్షలు. 1966లో స్వతంత్రమైన నాటికి దేశం మొత్తంలో తారు రోడ్డు 12 కిలోమీటర్లు. మరుసటి ఏడే ఒరాపాలో వజ్రాలు దొరికాయి. దొరికింది ఎక్కడో తెలుసా? మొదటి అధ్యక్షుడు సెరెట్సే ఖామా సొంత తెగ భూముల్లో. ఆయన ఆ తెగ పాలకుల వంశంవాడు. నోరు మూసుకుని కూర్చుంటే ఆ వజ్రాలు తన వాళ్లవే. ఖనిజ హక్కులు తెగలవి కావు, దేశానివి అని చట్టం చేయించాడు. గని కంపెనీలో ప్రభుత్వం వాటా మొదట 15 శాతం. బేరమాడి 1975 నాటికి సగానికి సగం చేశారు. 1994లో పూలా నిధి పెట్టి మిగులు డబ్బు దాచడం మొదలుపెట్టారు. పూలా అంటే వాన. ఆ దేశపు నాణేనికీ అదే పేరు. మాది అనంతపురం అని చెప్పాను కదా, డబ్బుకు వాన అని పేరు పెట్టుకున్న ఊళ్లో నాకు పరాయితనం ఎప్పుడూ అనిపించలేదు.

2024లో 58 ఏళ్లుగా పాలిస్తున్న పార్టీ ఓడిపోయింది. ఓడిన అధ్యక్షుడు ఫోన్ చేసి గెలిచినవాడిని అభినందించాడు. మరుసటి రోజు మా వీధిలో రొట్టెల దుకాణం మామూలుగానే తెరిచారు.

#14 తూటా

గోపాలం గారూ, మీ దేశం కూడా ఇప్పుడు చల్లగా లేదుగా? ప్రయోగశాల వజ్రాలు వచ్చి బేరం పడిపోయిందని విన్నాను.

#15 గాబరోన్ గోపాలం

లేదు, దాచను. 2025 ఆగస్టులో ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందుల కొరత మీద అత్యవసర పరిస్థితి ప్రకటించారు. మా ఇంట్లో పనిచేసే ఆవిడ రక్తపోటు మాత్రలు అంతకుముందు ఆసుపత్రిలో ఊరికే వచ్చేవి, ఇప్పుడు కొనుక్కుంటోంది. యాభై ఏళ్లలో వజ్రం తప్ప రెండో పంట వేసుకోలేదు. నిరుద్యోగం ఎక్కువ. కానీ ఆ మందులు ఎందుకు లేవో అధ్యక్షుడు టీవీలో కూర్చుని చెప్పాడు, పత్రికలు తిట్టాయి. మలాబోలో చమురు ఆదాయం రాజ్య రహస్యం అని అధ్యక్షుడే అన్నాడు. తేడా అక్కడుంది.

#16 లెక్కల మాస్టారు

ఆ రహస్యం వల్లే ఇంకో దెబ్బ తిన్నారు. చమురు, గనుల ఆదాయం బహిరంగంగా చెప్పుకునే అంతర్జాతీయ ఏర్పాటు ఒకటి ఉంది, ఈఐటీఐ అంటారు. అందులో చేరబోయి గడువులోగా లెక్కలు చూపలేక 2010లో పేరు పోగొట్టుకున్నారు. ఆ తరువాత డబ్బు అయిపోయింది. 2014 చివర్లో చమురు ధర కూలింది, పైగా బావులు ముసలివయ్యాయి. 2019 డిసెంబరులో అంతర్జాతీయ ద్రవ్యనిధి దగ్గర సుమారు 28 కోట్ల డాలర్ల అప్పుకు వెళితే, మళ్లీ ఆ ఏర్పాటులో చేరే ప్రయత్నం చేయాలి, అధికారుల ఆస్తులు ప్రకటించాలి అని షరతులు పెట్టారు. ఒకప్పుడు ఒక్క బ్యాంకులోనే 70 కోట్లు పెట్టుకున్న ప్రభుత్వం ఇది.

గ్యాస్ విషయంలో ఇంకో ముచ్చట. 2007లో పుంటా యూరోపాలో ఏడాదికి 37 లక్షల టన్నుల ద్రవ సహజవాయువు తీసే కర్మాగారం మొదలైంది. దాదాపు ఆ సరుకంతా 17 ఏళ్లకు ఒకే కొనుగోలుదారుకు అమ్మేశారు, అమెరికా ధరకు ముడిపెట్టి. తరువాత అమెరికాలో రాతి పొరల నుంచి తీసే షేల్ గ్యాస్ వచ్చి అక్కడి ధర పాతాళానికి పోయింది, ఆసియాలో ఆకాశానికి వెళ్లింది. కొన్నవాడు ఇక్కడ చవకగా ఎత్తుకుని అక్కడ పిరంగా అమ్ముకున్నాడు. ఇది దొంగతనం కాదు, సంతకం. మన రైతు నాటు వేసిన రోజే దళారికి ధాన్యం రాసిచ్చినట్టు.

#17 తూటా

రోడ్ల గురించి ఇంకా ఎవరూ సమాధానం చెప్పలేదు.

#18 దీపస్తంభం

నేను చెబుతాను, ఆ రోడ్ల మీద తిరిగినవాడిని. మలాబోకు కాస్త దూరంలో సిపోపో అని సముద్రతీరం. 2011లో ఆఫ్రికా సమాఖ్య సమావేశం కోసం అక్కడ 52 విల్లాలు కట్టారు. ఒక్కో దేశాధినేతకు ఒకటి, అన్నీ ఒకే నమూనా. పెద్ద హోటలు, గోల్ఫ్ మైదానం, మలాబో నుంచి అక్కడికి అద్దంలాంటి రోడ్డు. సమావేశం వారం. నేను మరుసటి ఏడాది ఒక ఆదివారం మధ్యాహ్నం ఆ రోడ్డు మీద వెళ్లాను. ఆరు వరుసల్లో మా బండి ఒక్కటే. ఒకామె నడిచి పోతోంది, తల మీద నీళ్ల డబ్బా. రోడ్డు బాగుంది తూటా గారూ, మీ మాట కాదనను. గచ్చు ఒక్క చోట కూడా లేవలేదు.

కట్టిన పని ఎక్కువ కాబట్టి వాటా తినడానికి వీలు ఎక్కువ. బడికి టీచరును పెడితే నెలనెలా జీతమే, కమిషను ఎక్కడుంది? ఇది నా మాట కాదు, అక్కడ పని చేసిన ఒక కాంట్రాక్టరు బీరు తాగుతూ అన్న మాట.

ప్రధాన భూభాగంలో అడవి కొట్టి కొత్త రాజధాని కడుతున్నారు. ఒయాలా అనేవారు, తరువాత సియుదాద్ దె లా పాస్ అని పేరు పెట్టారు, శాంతి నగరం అని. నేనున్న రోజుల్లో అడవి మధ్య విశాలమైన రహదారులు, విశ్వవిద్యాలయం, హోటలు లేచాయి, మనుషులు లేరు.

#19 ఉప్పుటేరు

కొత్త రాజధాని అంటే మన

#20 నిర్వాహకులు

ఉప్పుటేరు గారూ, ఆ వాక్యం అక్కడే ఆపినందుకు ధన్యవాదాలు. అమరావతికి ఈ వేదికలో ఇప్పటికే పదకొండు దారాలు ఉన్నాయి, నాలుగు మూసేశాం. ఇక్కడ గినీ గురించి మాత్రమే. అలాగే ఆ దేశపు ఆర్థిక నిఘా సంస్థ అధికారి వీడియోల గురించి 2024లో వచ్చిన గొడవ మీద రెండు పోస్టులు తొలగించాను. ఆయనకు నిధుల దుర్వినియోగం కేసులో 2025లో ఎనిమిదేళ్ల శిక్ష పడింది, అవినీతి మీద నిఘా పెట్టవలసిన మనిషి ఆయన. అది చర్చించండి. మిగతాది వద్దు.

#21 మంజీర

ఉప్పుటేరు గారు వెళ్లాలా వద్దా అన్న అసలు ప్రశ్నకు వద్దాం. నా దృష్టిలో రెండు సంగతులు తప్పక తెలుసుకోవాలి.

ఒకటి, మన నావికుల సంగతి. 2022 ఆగస్టులో హీరోయిక్ ఇదున్ అనే ట్యాంకరును ఈ దేశ నౌకాదళం పట్టుకుంది. సిబ్బంది 26 మంది, అందులో 16 మంది భారతీయులు. నైజీరియా దగ్గర రాత్రిపూట గుర్తు తెలియని పడవ వస్తే దొంగలనుకుని తప్పించుకున్నామని ఓడవాళ్లు చెప్పారు. జరిమానా కట్టినా వదలలేదు, నవంబరులో నైజీరియాకు అప్పగించారు. మనవాళ్లు విడుదలయ్యేసరికి 2023 మే చివరైంది.

రెండోది మీ వృత్తికి ఇంకా దగ్గర. 2023 ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికా కోర్టు ఆదేశం మీద ఉపాధ్యక్షుడి విలాస నౌకను అక్కడ జప్తు చేశారు. ఆ రోజుల్లోనే మలాబోలో చమురు రంగంలో పని చేస్తున్న ఇద్దరు దక్షిణాఫ్రికా ఇంజనీర్లను మాదకద్రవ్యాల కేసులో పట్టుకున్నారు. 12 ఏళ్ల శిక్ష వేశారు. ఇది ప్రతీకారమే అని కుటుంబాలు మొత్తుకున్నాయి. క్షమాభిక్ష మీద 2025 జూన్‌లో వదిలారు. ఎవరి పడవ కోసం ఎవరు జైలుకు పోయారో చూడండి.

#22 తూటా

ఇంత చెప్పాక నేను కూడా వెళ్లమని అనలేను. కానీ అక్కడ వేల మంది విదేశీయులు పని చేసుకుని క్షేమంగా తిరిగి వస్తున్నారు, దీపస్తంభం గారే సాక్ష్యం. 2018లో మన రాష్ట్రపతి కోవింద్ గారు వెళ్లి అక్కడి భారతీయులను కలిశారు కూడా. బెదరగొట్టి కుర్రవాడి నోటి దగ్గర కూడు తీయకండి.

#23 దీపస్తంభం

నేను క్షేమంగా వచ్చాను, నిజం. డబ్బు కూడా మిగిలింది. కానీ అప్పటి మలాబో వేరు. అప్పుడు ఉత్పత్తి రోజుకు మూడు లక్షల బ్యారెళ్ల ప్రాంతంలో ఉండేది. ఇప్పుడు లక్షకు బాగా దిగువన. జఫీరోలో నూనె తీసే ఒక పెద్ద ఓడలోకి 2022లో నీళ్లు చేరాయి, దానిలో ఉత్పత్తి ఆపేశారు. 2024లో ఎక్సాన్‌మొబిల్ ఆ క్షేత్రాన్ని ప్రభుత్వ కంపెనీకి అప్పగించి వెళ్లిపోయింది. పెళ్లి అయిపోయింది తమ్ముడూ, పందిరి విప్పుతున్నారు. పందిరి విప్పేవాడికి కూలి ఎవరిస్తారన్నది ముందే మాట్లాడుకోవాలి.

ఏజెంటును నాలుగు అడుగు. నిన్ను నియమించేది ఏ దేశంలో నమోదైన కంపెనీ? జీతం ఏ బ్యాంకు నుంచి, ఏ కరెన్సీలో పడుతుంది? అక్కడి సీఎఫ్ఏ ఫ్రాంకులో ఇస్తే బయటికి పంపడానికి ఎన్నాళ్లు పడుతుంది? పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉంటుంది? అన్నీ కాగితం మీద. మలేరియా మాత్రల సంగతి తరువాత చెబుతాను.

#24 లెక్కల మాస్టారు

ముఖ్యంగా రెండోది. ఆ దేశం విషయంలో మనం ఇన్ని పోస్టుల్లో అడిగింది కూడా అదే ప్రశ్న.

#25 ఉప్పుటేరు

నాలుగు రోజుల తరువాత వస్తున్నాను, క్షమించాలి. ఏజెంటుకు ఆ నాలుగు ప్రశ్నలూ రాసి పంపాను. రెండు రోజులు జవాబు లేదు. తరువాత ఫోన్ చేశాడు. జీతం డాలర్లలోనే అన్నాడు. ఏ బ్యాంకు నుంచి అంటే, మొదటి మూడు నెలలు అక్కడే చేతికి నగదుగా ఇస్తారు, తరువాత ఖాతా తెరుస్తారు అన్నాడు. కాగితం మీద రాసివ్వమన్నాను. "నీకు ఉద్యోగం కావాలా, కాగితం కావాలా" అన్నాడు.

కాగితమే కావాలని చెప్పాను. ఫోన్ పెట్టేశాడు.

అమ్మ ఈ రోజు పులస దొరక్కపోయినా సరే అని కొరమేను పులుసు పెట్టింది. స్పానిష్ పాఠాలు పది అయ్యాయి, మానడం లేదు. గోపాలం అన్నా, మీ వైపు గనుల్లో ఇన్‌స్ట్రుమెంట్ పని ఏమైనా ఉంటుందా?

#26 గాబరోన్ గోపాలం

ప్రస్తుతం గనుల్లో ఉన్నవాళ్లకే షిఫ్టులు తగ్గిస్తున్నారు తమ్ముడూ. నీ వివరాలు మాత్రం నాకు విడిగా పంపు, చెవిన వేసి ఉంచుతాను. ఆ పులుసులో చింతపండు ఎంత వేశారో అమ్మగారిని అడిగి అది కూడా రాయి. ఇక్కడ చేప దొరుకుతుంది, రుచి కుదరడం లేదు.